ఏ గదికి ఎంత చలువ?

‘ఎంత చెట్టుకు అంత గాలి’ అన్నారు మన పెద్దలు. మనిషి స్తోమతును గూర్చి చెప్పిన ఈ సామెతను ఇంటిలోని గదులకు అన్వయించుకొనవలసిన అవసరం నాకు గత కొద్ది సంవత్సరాలుగా కలుగుతూ వచ్చింది. ఒకే కప్పు క్రింద ఉన్నప్పటికీ గదులన్నీ ఒక్క తీరుగా ఉండవు. పడమటి గోడ గల గది సాయంత్రానికి కుంపటి అవుతుంది. మధ్యగది చీకటిగా, కొంత చల్లగా ఉంటుంది. ఒక గదిలో వృద్ధులు విశ్రమిస్తారు. ఒక గదిలో పిల్లలు చదువుకుంటారు. మరొక గది పగలంతా తాళం వేసి ఉంటుంది. వీటన్నిటికీ ఒకే వేడిని గాని, ఒకే చలువను గాని సమానంగా పంచిపెట్టడం వివేకం అనిపించుకోదు. ఏ గదికి, ఏ వేళ, ఎవరి కొరకు, ఎంత అనే నాలుగు ప్రశ్నలు ప్రతి ఇంటివారికీ ఉన్నవే. సాహిత్యం బోధించేవానికి ఈ యంత్రాల గొడవ ఎందుకని విద్యార్థులు నవ్వుకోవచ్చు. కాని నెల తిరిగేసరికి కరెంటు బిల్లు కవికీ, కర్షకునికీ, ఉపన్యాసకునికీ ఒకే విధంగా వస్తుంది.

ఈ ఆలోచనకు మొదటి కారకుడు నా తమ్ముడు. అతడు ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో ఉద్యోగరీత్యా కాపురమున్నాడు. మరదలు అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆ దేశంలో చలిని ఎదుర్కొనడమే గృహస్థుని ప్రధాన సమస్య. ఇంటిలో ఒకచోట గ్యాసుతో మండే బాయిలరు ఉంటుంది. అది నీటిని కాచి గొట్టాల ద్వారా గదిగదికీ పంపుతుంది. ప్రతి గదిలోనూ కిటికీ క్రింద గోడకు బిగించిన ఉక్కు పలక ఒకటి ఆ వేడినీటితో నిండి గదిని వెచ్చబరుస్తుంది. దానిని రేడియేటరు అంటారు. ఆదోనిలో పుట్టి పెరిగిన మాకు రేడియేటరు అనగానే పత్తి బేళ్ళు మోసే లారీ, దాని ముందుభాగాన ఆవిరి కక్కే మూత, డబ్బాతో నీళ్ళు తెచ్చే క్లీనరు గుర్తుకు వస్తారు. ఒకే పేరు ఒకచోట వేడిని వదిలించుకొనే సాధనానికి, మరొకచోట వేడిని తెచ్చుకొనే సాధనానికి చెల్లుతున్నది. పని మాత్రం రెండుచోట్లా ఒక్కటే, నీటిలోని వేడిని గాలికి అప్పగించడం.

2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైన పిదప ఐరోపాలో గ్యాసు ధరలు విపరీతంగా పెరిగాయి. ఖాళీ గదులను కూడా వెచ్చగా ఉంచే అలవాటు తమ్ముని సంసారానికి భారమైంది. అప్పుడతడు ప్రతి రేడియేటరుకూ వైరులెస్ కవాటాలు బిగించాలని తలచాడు. ఏవి కొనవలెనో తేల్చుకొనలేక, ప్రతి ఆదివారం ఫోనులో నాతో చర్చించేవాడు. నేను పండితుడనై కాదు, ఓపికగా వినేవాడనై ఆ విషయం నేర్చుకున్నాను.

గది వేడిమిని తనంతట తానే సరిచూసుకొనే సాధనం చరిత్రలో ఒక ఉపాధ్యాయునికి గౌరవస్థానం ఉన్నదని విద్యార్థులు తెలిసికొనదగును. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే ఊరి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఉండేవాడు. తరగతిలో పాఠం జరుగుతుండగా నౌకరు మాటిమాటికీ లోపలికి వచ్చి ఉష్ణమాపకం చూసి, క్రిందికి పోయి కొలిమిని సరిచేసేవాడు. పాఠానికి కలిగే ఈ అంతరాయాన్ని తొలగించుటకై జాన్సన్ గదిలోని వేడిమిని విద్యుత్తు ద్వారా క్రింది నౌకరుకు తెలియజేసే సాధనాన్ని కల్పించి, 1883లో దానికి పేటెంటు పొందాడు. ఆ తరువాత 1943లో డెన్మార్కుకు చెందిన మాడ్స్ క్లౌసెన్ రేడియేటరుకే అమర్చగల స్వయంచాలక కవాటాన్ని రూపొందించాడు.

ఆ కవాటం పనిచేసే తీరు మిక్కిలి సరళమైనది. దాని తలలో మైనమో, ద్రవమో నింపిన చిన్న గుళిక ఉంటుంది. గది వెచ్చబడితే అది ఉబ్బి ఒక సన్నని సూదిని నొక్కుతుంది. సూది దిగితే వేడినీటి దారి మూసుకుపోతుంది. గది చల్లబడితే గుళిక ముడుచుకొని దారి తెరుచుకుంటుంది. దీనికి కరెంటు లేదు, బ్యాటరీ లేదు. నేటి వైరులెస్ కవాటంలో గుళికకు బదులు చిన్న మోటారు, బ్యాటరీలు, కబురు అందుకొనే రేడియో ఉంటాయి. ఏ గంటకు ఏ గది ఎంత వెచ్చగా ఉండవలెనో ముందే చెప్పిపెట్టవచ్చు.

చెప్పినంత సులభం కాదు ఎన్నుకోవడం. తమ్ముడు కాగితం మీద వ్రాసుకున్న ప్రశ్నలు నేటికీ నాకు గుర్తున్నాయి. కవాటపు మర ఇంటిలోని గొట్టానికి సరిపోతుందా? అక్కడ 30 మిల్లీమీటర్ల మర ఎక్కువ వాడుకలో ఉన్నది గాని, పాత ఇళ్ళలో వేరువేరు కొలతలు కనిపిస్తాయి. కవాటం తన దారిని మాత్రమే మూసుకుంటుందా, లేక గదులన్నీ వెచ్చబడినాయని బాయిలరుకు కూడా కబురు చేస్తుందా? కబురు చేయనిచో గదులు మూసుకున్నా కొలిమి ఊరకే మండుతుంది. కవాటం రేడియేటరును ఆనుకొని ఉండటం వలన గదిలో ఉన్నదానికంటె ఎక్కువ వేడిని చూపుతుంది. పైన పరదా కప్పితే ఈ భ్రమ మరింత హెచ్చు. అట్టి చోట మంచం దగ్గర వేరుగా పెట్టే ఉష్ణమాపకం అవసరం. ఇల్లంతటికీ ఆధారమైన థర్మోస్టాటు ఉన్న గదిలోని రేడియేటరుకు ఇట్టి కవాటం పెట్టరాదు. ఇద్దరు యజమానులు ఒకే గదికి ఆజ్ఞలిస్తే పని సాగదు. వాడని గదిని పూర్తిగా చల్లబరచినా గోడలకు చెమ్మ పట్టి బూజు ఎక్కుతుంది. అన్నిటికీ మించి, ఇంటర్నెట్ ఆగిపోయిన రాత్రి ఆ కవాటాన్ని చేతితో తిప్పుకొనే వీలున్నదా?

ఈ చివరి ప్రశ్న మరదలిది. ఆమెకు వారంలో మూడు రాత్రులు డ్యూటీ ఉంటుంది. పగలు నిద్రపోవాలి. తమ్ముడు చూసిన ఒక రకం కవాటం, పగలు పడకగదిలో ఎవరూ ఉండరనే లెక్కతో పనిచేసేది. దానిని మార్చాలంటే అతని ఫోనులోనే మార్చాలి. “నేను పన్నెండు గంటలు నిలబడి ఇంటికి వచ్చి పడుకుంటే, గది వెచ్చబడటానికి మీ ఫోనును అడుక్కోవాలా?” అని ఆమె అడిగిందట. చివరికి వారు కొన్నది బిరడా వంటి తలను చేతితో తిప్పగానే అప్పటివరకు ఉన్న ఆజ్ఞలను ప్రక్కకు పెట్టి మనిషి మాట వినే రకం. అన్ని గదులకూ కొనలేదు. మూడు పడకగదులకు మాత్రమే కొన్నారు.

మాంచెస్టరు సంగతి మనకెందుకని అనవచ్చు. మన పడమటి కర్నూలు సీమలో వేడి కావలసినవారు లేరు. డిసెంబరు రాత్రి ఒక కంబళి చాలు. మనకు కావలసినది చలువ. అయినా ప్రశ్న మాత్రం తలక్రిందులుగా అదే. మన పూర్వులు ఈ ప్రశ్నకు జవాబు కట్టడంలోనే పెట్టారు. ఆదోని పాత వీధులలో ఇంకను నిలిచియున్న మట్టి మిద్దెలను చూడండి. మూరకు మించిన మందం గల రాతి గోడలు, దూలాలు, దంతెలు, వాటిపై కట్టె లేక బండ, ఆపైన నీటిని లోనికి దిగనీయని చౌడుమట్టి. పగటి ఎండ ఆ మందాన్ని దాటి లోనికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అప్పటికి ఇంటిల్లిపాదీ మంచాలు మిద్దె మీదికి మోసుకుపోతారు. మిద్దెలో గవాచి ఉంటుంది. వెలుతురు రావడానికీ, పొగ పోవడానికీ, వేడిగాలి పైకి లేచి వెడలడానికీ అదే దారి. వాన వస్తే దానిపై మూత. ఎండ ముదిరితే సగం మూత. ఆ మూతను జరిపే అధికారం వంటింటిలోని స్త్రీది. కవాటమంటే అదే గదా!

ఈ సత్యం నాకు మరింత స్పష్టమైనది ఎమ్మిగనూరులో. ఆ పట్టణం నేతకు ప్రసిద్ధి. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ స్థాపించిన చేనేత సహకార సంఘం పేరు విననివారు మన జిల్లాలో అరుదు. మా పూర్వ విద్యార్థి ఒకరి ఇంటికి ఒక మే నెలలో వెళ్ళాను. అతని తండ్రి గుంత మగ్గం ముందు కూర్చొని నేస్తున్నాడు. గది కిటికీలు మూసి ఉన్నాయి, పంకా ఆపి ఉన్నది. ముఖాన చెమట కారుతున్నది. “పెద్దాయనా, పంకా వేసుకోరాదా?” అన్నాను. ఆయన పలుగు మీద చేయి వేసి, “సారూ, నూలుకు తేమ కావాల, మనిషికి గాలి కావాల. గాలి తగిలితే నూలు ఆరుతాది, ఆరితే తెగుతాది. నూలు తెగితే కూలి తెగుతాది” అన్నాడు. ప్రక్క గదిలో ఉబ్బసంతో బాధపడే ఆయన భార్య పడుకొని ఉన్నది. ఆమెకు కావలసినది పొడిగాలి. ఒకే గోడకు ఈ వైపు తేమ, ఆ వైపు ఆరిన గాలి. ఇల్లంతటికీ కలిపి పెద్ద కూలరు ఒకటి తెస్తానని కొడుకు అన్నప్పుడు తండ్రి వద్దన్నాడు. మగ్గం గదికి తడిపిన గోనెసంచులు, భార్య గదికి పంకా, నడుమ మూసిన తలుపు, ఇదీ ఆయన ఏర్పాటు. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవని ఆ వృద్ధుడు గదుల అవసరాలను వేరుచేసి చూడటంలో నా తమ్ముని కంటె ముందున్నాడు.

ఇక మా ఇంటి సంగతి. ఆదోనిలో మేముండేది కాంక్రీటు స్లాబు ఇల్లు. మందమైన గోడలు లేవు, గవాచి లేదు. ఏప్రిల్, మే నెలలలో పగటి ఎండ 40 డిగ్రీలు దాటిన దినాలలో ఆ స్లాబు పగలంతా వేడిని త్రాగి, రాత్రి పదిగంటల తరువాత కూడా మంచాల మీద కుమ్మరిస్తూనే ఉంటుంది. మా అమ్మకు డెబ్బై ఏళ్ళు దాటాయి, రక్తపోటుకు మందులు వాడుతున్నది. మెట్లెక్కి మిద్దె మీద పడుకొనే ఓపిక లేదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వడగాడ్పులకు రెండువేల మందికి పైగా మరణించిన సంగతి పాఠకులు మరచి ఉండరు. వయసు మళ్ళినవారి శరీరం వేడికి త్వరగా లొంగిపోతుంది. దప్పిక కూడా వారికి సరిగా తెలియదు. కనుక అమ్మ గదికి చలువ సమకూర్చడం మాకు విలాసం కాదు.

ఏమి కొనవలెననే లెక్క వేశాము. మన సీమ గాలి వేసవిలో పొడిగా ఉంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి అవుతూ సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని గాలినుండి తీసుకుంటుంది. ఇది యూనిట్లలో చెబితే మూడింట రెండు వంతుల యూనిట్టు. కూలరు రహస్యం ఇదే. 180 వాట్ల కూలరు రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే నెలకు 43 యూనిట్లు. కాని అది గంటకు నాలుగు లీటర్లు త్రాగినా రాత్రికి రెండు బిందెల నీరు కావాలి. వేసవిలో ఆదోనిలో రెండు బిందెల విలువ ఎంతో ఆదోనివారికి చెప్పనక్కరలేదు. పైగా జూన్ దాటి గాలిలో తేమ పెరిగిందంటే కూలరు వలన ఉక్క తప్ప ఫలితం లేదు.

ఏ.సి. యంత్రం అట్లు కాదు, ఏ కాలంలోనైనా పనిచేస్తుంది. కాని గంటకు సగటున ఒక యూనిట్టు లాగినా ఎనిమిది గంటలకు నెలలో 240 యూనిట్లు. మన రాష్ట్రంలో 2022లో నిర్ణయించిన ధరల ప్రకారం 126 నుండి 225 వరకు యూనిట్టుకు 6 రూపాయలు, 226 నుండి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. మా ఇంటి వాడకం అప్పటికే 150 యూనిట్లు. ఆపైన చేరే 240లో మొదటి 75కు 450 రూపాయలు, మిగిలిన 165కు దాదాపు 1,444 రూపాయలు. అంటే పన్నులు గాక సుమారు 1,900 రూపాయలు అదనం. ఇల్లంతా ఏ.సి. చేయాలంటే ఇంకెంత? అందుచేత ఒక్క గదికే, అదీ అమ్మ గదికే అని నిశ్చయించాము.

ఇక్కడ తమ్ముడు రంగప్రవేశం చేశాడు. ఏ.సి. ఖర్చు తాను భరిస్తానన్నాడు. దానితోపాటు గోడకు అతికించే చిన్న పెట్టె ఒకటి కొనమన్నాడు. అది రిమోటు చేసే పనినే ఇంటర్నెట్ ద్వారా అందుకొన్న ఆజ్ఞ ప్రకారం చేస్తుంది. “అన్నయ్యా, అమ్మ బిల్లుకు భయపడి ఏ.సి. ఆపేస్తుంది. ఆ పెట్టె ఉంటే నేను ఇక్కడినుంచే మళ్ళీ వేస్తాను” అన్నాడు. అతని మాటలో ప్రేమ ఉన్నది. అబద్ధమూ లేదు. అమ్మ నిజంగానే ఆపేస్తుంది. కాని ఈ సంగతి చెప్పగానే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఉర్దూలో అన్నదానిని తెలుగులో చెబుతున్నాను. “బేటా, వాడు నన్ను చూడటానికి రెండేళ్ళకోసారి వస్తాడు. నా గది చలువ మాత్రం రోజూ వాడి చేతిలో ఉండాలా? చలి వేస్తే నేను దుప్పటి కప్పుకోనా, మాంచెస్టరుకు ఫోను చేయనా?”

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు, తమ్ముని దగ్గరా లేదు. మరదలు అడిగిన ప్రశ్నే ఏడువేల కిలోమీటర్లకు మించిన దూరం దాటి అమ్మ నోట మళ్ళీ వినబడింది. ఇద్దరూ యంత్రాన్ని నిరాకరించలేదు. తమ గదిపై తమకుండవలసిన అధికారాన్ని మాత్రమే అడిగారు. చలువ అందుబాటులో ఉన్నా దానిని వాడుకొనే స్వేచ్ఛ లేకపోతే, వాడుకొనే స్వేచ్ఛ ఉన్నా బిల్లు భయం పోకపోతే, గోడకు తగిలించిన యంత్రం అలంకారం మాత్రమే.

అందుచేత మేము చేసిన ఏర్పాటు ఇది. మొదట యంత్రం కొనక మునుపే మేస్త్రీని పిలిచి మిద్దెపైన తెల్లని సున్నం పూయించాము. తెల్లని ఉపరితలం ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది కూడా ఈ సూత్రం మీదనే. పడసాలలో పాత కూలరు అలాగే ఉన్నది, పొడిగాలి వీచే నెలలలో పిల్లలు అక్కడ చదువుకుంటారు. అమ్మ గదికి ఏ.సి. పెట్టించి, మంచం ప్రక్కన పెద్ద అంకెలు గల ఉష్ణమాపకం ఒకటి ఉంచాము. ఇంటర్నెట్ పెట్టె కొనలేదు. రిమోటు మీద రెండు బటన్లకు ఎర్రదారం, పచ్చదారం చుట్టాము. ఎర్రది పెంచేది, పచ్చది తగ్గించేది.

బిల్లు భయం సంగతి మిగిలింది. 2020 జనవరి నుండి దేశంలో అమ్మే గది ఏ.సి.లు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేటట్లు ప్రభుత్వం నిబంధన చేసింది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం విద్యుత్తు మిగులుతుందని విద్యుత్ పొదుపు సంస్థ లెక్క. 27 డిగ్రీల వద్ద పెట్టి పంకా మెల్లగా తిప్పితే అమ్మకు హాయిగా ఉన్నది. వారం రోజులు ఉదయాన మీటరు చూసి, ఆ రాత్రి అయిన ఖర్చును ఆమె గదిలోని క్యాలెండరు మీద వ్రాశాను. రాత్రికి ఐదారు యూనిట్లు, అనగా నలభై, యాభై రూపాయలు. ఎనిమిదవ నాడు ఆమె, “ఇంతేనా? నేను వందలనుకున్నాను” అన్నది. ఇప్పుడు ఆమె రాత్రి తొమ్మిదింటికి తానే వేసుకుంటుంది. తెల్లవారుజామున సహరీ వేళకు లేచే అలవాటు ఉన్నందున అప్పుడు తానే ఆపి కిటికీ తెరుస్తుంది. చల్లగాలి ఉచితంగా వచ్చే సమయం అదేనని ఆమెకు ఏ యంత్రమూ చెప్పలేదు. తమ్ముడు ఆదివారం ఫోను చేసి ‘అమ్మా, ఎన్ని డిగ్రీలు?’ అని అడుగుతాడు. ఆమె అంకె చదివి చెబుతుంది. మాట్లాడటానికి ఇద్దరికీ ఒక విషయం దొరికింది.

విద్యార్థులారా, మీలో అనేకులు రేపు ఇంజనీర్లు, వ్యాపారులు, గృహస్థులు అవుతారు. కొందరు చలిదేశాలకు పోతారు. సాధనాలను ఎన్నుకొనేటప్పుడు అది ఎంత తెలివైనదని మాత్రమే అడగకండి. ఎవరి గదికి, ఎవరి చేతికి అని కూడా అడగండి. కరెంటు పోయినప్పుడు, ఇంటర్నెట్ ఆగినప్పుడు, అమ్మిన సంస్థ మూతపడినప్పుడు అది మనిషి చేతికి లొంగుతుందో లేదో చూడండి. యంత్రం కొనక ముందు కప్పును, కిటికీని, గోడను చూడండి.

కళాశాల పాలకవర్గం వారికి ఒక విన్నపం. మన పైఅంతస్తు తరగతి గదులలో వార్షిక పరీక్షల కాలంలో పిల్లల చెమట జవాబుపత్రాల మీద పడి సిరా చెదరడం నేను పర్యవేక్షకునిగా ప్రతి ఏటా చూస్తున్నాను. పెద్ద ఖర్చుతో కూడిన యంత్రాలు కోరడం లేదు. వేసవి రాకమునుపే పైకప్పుకు ఒక పూత తెల్లని సున్నం, గదికొక ఉష్ణమాపకం, పడమటి కిటికీలకు తడికలు చాలును. పంకాల స్విచ్చులు ఆఫీసు నుండి గాక ఆ గదిలో కూర్చున్నవారే వేసుకొనే ఏర్పాటు కూడా చేయవలెను. నూట నలభై ఏళ్ళ క్రితం ఒక అధ్యాపకుడు తన తరగతి గది కొరకు ఆలోచించినదాని ఫలితం నేడు లోకమంతా అనుభవిస్తున్నది. మన గదుల కొరకు మనమూ ఈ మార్చి నెలలోపు ఇంతమాత్రం చేయగలమని నా విశ్వాసం. పాలకవర్గం వారు ఆలోచింతురు గాక.